తడిబట్టల మాట

బస్సు దిగుతూనే జగన్మోహన్‌రావు భుజం మీది తువ్వాల తీసి తలకు చుట్టుకున్నాడు. ఎండకు అన్నాడు. చైత్రమాసపు ఎండ నిజమే. కానీ ఎండకు చుట్టుకునే మనిషి నెత్తికి చుట్టుకుంటాడు గాని చెంపలూ గదుమా కప్పుకోడు. భార్య నిర్మలాదేవికి ఎందుకో తెలుసు. శ్రీరామనవమికి వేములవాడ వచ్చే జనంలో తమ పాత ఊరి చుట్టుపక్కల వాళ్ళు ఎందరో ఉంటారు. ఒకప్పుడు ఆయన జీపు చప్పుడుకే అరుగులు దిగి నిలబడినవాళ్ళు. ఇప్పుడాయన ఒక చేతిలో స్టవ్వూ ఒక చంకలో చాపా పెట్టుకుని ఎర్రబస్సు మెట్ల మీద వెనక్కి తిరిగి దిగడం వాళ్ళు చూడొద్దు. దొరతనం పోయినా దాని పీడ పోలేదు, అదీ సంగతి.

ఊళ్ళో కోటలాంటి గడి వదిలిపెట్టి కరీంనగర్‌లో కిరాయి ఇంటికి వచ్చి ఆరేడేండ్లయింది. కొడుక్కి మంచిర్యాలలో నౌకరీ దొరికితే వేములవాడ శివుడు రాజన్న సన్నిధిలో నిద్ర చేస్తానని నిర్మలాదేవి మొక్కుకుంది. నౌకరీ దొరికింది. దేవుడు మాట నిలబెట్టుకున్నాక మనిషి నిలబెట్టుకోకపోతే ఎట్లా అని ఆమె పోరింది. పోదాం గాని ఖర్చు పెరగొద్దని ఆయన అన్నాడు. అందుకే స్టవ్వు, చాప, మూటలో బియ్యం, పప్పు, చింతపండు, ఇంట్లో కాల్చి తెచ్చిన జొన్నరొట్టెలు.

గదులన్నీ నిండిపోయాయి. ఒక పాత సత్రం గోడకు రాతిపలక ఉంది. అందులో గది కట్టించిన వాళ్ళ పేర్లున్నాయి, వాటిలో జగన్మోహన్‌రావు తాత పేరు ఒకటి. ఆ పేరు చెప్పి అడిగితే గది కాకపోయినా గది ముందర మంచి జాగా దొరికేది. ఆయన పలక ముందు కాసేపు నిలబడి, తువ్వాల సర్దుకుని, ముందుకు నడిచాడు. చివరికి వరండాలో ఒక స్తంభం పక్కన చాప పరిచేంత జాగా దొరికింది. పక్క చాప వాళ్ళు కాళ్ళు ముడుచుకుంటే వీళ్ళు కాళ్ళు చాపుకోవచ్చు.

మూట దగ్గర ఆయన్ను కూర్చోబెట్టి నిర్మలాదేవి గుడి కోనేరు ధర్మగుండానికి స్నానానికి వెళ్ళింది.

గుండం నిండా తలలే. మెట్ల మీద అడుగు పెట్టే సందు లేదు. మునిగి లేచిన ఆడవాళ్ళు తడి చీరలను ఇద్దరిద్దరు చెరో కొసా పట్టుకుని ఎండకు ఆరేస్తున్నారు. వాటి కింద నుంచి వంగి పోవాలి. గుండు చేయించుకున్న పిల్లలు పచ్చటి నీళ్ళలో ముక్కు మూసుకుని మునిగి లేస్తున్నారు. నిర్మలాదేవి గతంలో ఇక్కడికి వచ్చినప్పుడల్లా తెల్లవారకముందే ముందు నలుగురు వెనక నలుగురు ఉండగా స్నానం ముగించుకుని పోయింది. గుంపులో, పాచిపట్టిన మెట్టు మీద, ఎవరి మోచేయో వీపుకు తగులుతుండగా మునగడం ఆమెకు ఇదే మొదలు. రెండో మెట్టు మీదే కాలు జారింది.

వెనక నుంచి ఎవరో రెక్క పట్టుకుని ఆపారు. పట్టుకుని ఊరుకోలేదు. మెల్లగా కూర్చోబెట్టి, చెంబుతో నీళ్ళు ముంచి, ఎడమ అరచెయ్యి ఆమె చెవికి దొప్పలాగా అడ్డం పెట్టి, నెత్తి మీద పోశారు.

"చెవుల నీళ్ళు పోతె మీకు తల తిరుగుతది గద, దొరసానీ."

నిర్మలాదేవి వెనక్కి తిరగకముందే ఎవరో తెలిసిపోయింది. చెవికి అట్లా చెయ్యి అడ్డం పెట్టి నీళ్ళు పోసే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే. దొరల ఇళ్ళలో ఆడపిల్ల అత్తగారింటికి పోతుంటే మంచం, పరుపు, రాగి బిందెలతో పాటు ఒక పిల్లను కూడా పంపేవాళ్ళు. ఆడబాప అనేవాళ్ళు. పెళ్ళికూతురికి నీళ్ళు పోయడానికి, కాళ్ళు ఒత్తడానికి. ఆ పిల్లకు వేరే పెళ్ళి ఉండదు, వేరే ఇల్లు ఉండదు. నిర్మలాదేవి వెంట వచ్చిన ఆడబాప పేరు దేవవ్వ.

ఆ దేవవ్వే. జుట్టు సగం నెరిసింది. నుదుటి నిండా పసుపు, దాని మీద రూపాయి బిళ్ళంత కుంకుమ. మెడలో గంట, భుజాన జోలె, పక్కన మెట్టుకు ఆనించి పెట్టిన ఇనుప త్రిశూలం. రాజన్నను పెళ్ళాడిన శివపార్వతుల వేషం.

నిర్మలాదేవి ఆ త్రిశూలాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూసింది. "నువ్వు చాందాల ఉండాలె గదనే."

"చాందాల నాకెవలున్నరు?"

"నీకు పెండ్లి చేసి పంపిన్రు గద. పిల్లను గూడ నీ వెంటనే తీస్కపోయినవని, నీ మొగడు పత్తి మిల్లుల చేస్తడని..."

దేవవ్వ చెంబు వంచబోయి ఆగింది. నవ్విందో లేదో తెలియదు గాని పెదవి ఒక పక్కకు పోయింది. "మంచిగనే చెప్పిన్రు," అని మిగిలిన నీళ్ళు పోసింది.

పద్దెనిమిది, పంతొమ్మిదేండ్లు నిర్మలాదేవి మహారాష్ట్ర చాందాలోని ఆ మొగుణ్ణి నమ్మింది. ఎప్పుడైనా దేవవ్వ గుర్తుకొస్తే, పోనీ సుఖంగా ఉన్నది కదా అనుకుని పక్కకు తిరిగి పడుకునేది. ఆమె చీర కొంగు పిండుకోబోయింది. దేవవ్వ ఆ కొసను తన చేతిలోకి తీసుకుని తనే పిండింది.

*

గుండానికి కొంచెం దూరంలో శివపార్వతులు గోనె పట్టాలు కట్టుకుని దిగారు. రెండు కర్రల మధ్య కట్టిన ఒక పట్టా కింద దేవవ్వ చాప. చాప మీద ఒక పడుచుపిల్ల చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేస్తున్నది. దేవుని దగ్గరికి వచ్చినా పని మానలేదు. తడిపిన తునికాకును రేకు కొలత పెట్టి కత్తిరించడం, చిటికెడు తంబాకు పరచడం, రెండు బొటనవేళ్ళతో దొర్లించి చుట్టడం, గోటితో మొన మూసి దారం కట్టడం. వేళ్ళు వాటంతట అవే ఆడుతున్నాయి. మనిషి తల ఎత్తలేదు.

నా బిడ్డ రాజవ్వ అని దేవవ్వ చెప్పింది. దొరసానికి దండం పెట్టమన్నది. అప్పుడా పిల్ల తల ఎత్తింది.

కలిసిన కనుబొమలు. గదుమ మీద వేలితో నొక్కినట్టు చిన్న సొట్ట. నిర్మలాదేవి పెద్దకూతురు మనోరమ గదుమ మీద ఉన్నది అదే సొట్ట. మనోరమకు అది వచ్చిన చోటు ఇప్పుడు సత్రం వరండాలో తువ్వాల కింద దాక్కుని ఉంది. నిర్మలాదేవి చాప మీద కూర్చుంది. దేవవ్వ చెంబుతో మంచినీళ్ళిచ్చింది. చెంబు అందుకుని, తాగకుండా ఒళ్ళో పెట్టుకుంది.

పక్క పొయ్యి దగ్గర అన్నం వండుకుంటున్న ఐలవ్వ ఇదంతా చూస్తూ ఉంది. ఐలవ్వది సిరిసిల్ల, దేవవ్వ వాళ్ళుండే వాడలోనే. ఆమె కొడుకు హనుమంతు మగ్గాల కార్ఖానాలో పని చేస్తాడు. మాట దాచుకునే మనిషి కాదు. వచ్చినామె ఏ ఊరి దొరసానో తెలియకపోయినా, దేవవ్వకు ఎరుకున్న మనిషి అనుకుని తన గోడంతా వెళ్ళబోసుకుంది. తన కొడుకు రాజవ్వను తప్ప వేరే పిల్లను చేసుకోనని కూర్చున్నాడట. పిల్లకూ ఇష్టమేనట. తనకూ ఇష్టమే. ఇంత పనిమంతురాలు కోడలుగా వస్తే వద్దనేదెవరు? కానీ దేవవ్వ పిల్ల తండ్రెవరో చెప్పదు. అడిగితే చచ్చినా నోరు విప్పదు.

"నాకు కట్నం వద్దు, బంగారం వద్దు. తండ్రెవలో చెప్పుమంటున్న. వావి తెల్వకుంట పిల్లనెట్ల చేసుకుంటం తల్లీ? నా మొగడు బతికున్నన్ని దినాలు కూలికని ఊరూరు తిరిగిండు. ఆయన సక్కనోడని నేనైతె ఒట్టేయ. రేపు వీళ్ళిద్దరు అన్నాచెల్లెండ్లే అయితె, ఏ గుండంల మునిగితె పోతది ఆ పాపం?"

ఆ మాటలో తప్పు పట్టడానికేం లేదు. నిర్మలాదేవి దేవవ్వ వైపు చూసింది. దేవవ్వ పొయ్యిలో కట్టె ఎగదోస్తూ ఉంది.

"గందుకే రాజన్నకిస్తున్న," అన్నది చివరికి. "నవమినాడు సీతారాముల పెండ్లిల తలంబ్రాలు పోసుకుంటది. నా తీర్గనే. వావి అడుగనోడు ఆయనొక్కడే."

రాజవ్వ చేతిలో ఆకు చిరిగింది. చిరిగిన దాన్ని పారేసి ఇంకో ఆకు తీసుకుంది. నిర్మలాదేవి కండ్లలో నీళ్ళు తిరగడం చూసి మొట్టమొదటిసారి నోరు విప్పింది.

"మీరు ఏడ్వకుండ్రి దొరసానీ. మీరేడిస్తె మా అవ్వ మల్ల మీకు సేవ జెయ్యవడ్తది. ఆమెకు చాతనైతలేదు."

ఎగతాళి కాదు, కోపం కాదు. ఉన్నమాట అన్నది. నిర్మలాదేవి చప్పున కండ్లు తుడుచుకుంది.

ఐలవ్వ గంజి వార్చడానికి అవతలికి పోయిన తర్వాత నిర్మలాదేవి దేవవ్వను గట్టిగానే అడిగింది. ఎందుకు చెప్పవు? చెప్పితే నీకు పోయేదేముంది? ఆ ఊరు లేదు, ఆ గడి లేదు, గడి దర్వాజాలు కూడా ఎవరో పీక్కుపోయారు. ఇంకా ఎవరికి భయపడుతున్నవ్?

"దొరకు గాదు," అన్నది దేవవ్వ. మాట బాగా తగ్గించింది. "గా గుండంలనే, దొరసానీ. పిల్లకు మూడేండ్లు. సంకనేస్కొని మునిగిన. తడిబట్టల మీద నిలవెట్టి దొర నాతోని ఒట్టేయించుకుండు. గా పేరు నా నోట్లకెల్లి ఎల్లిననాడు పిల్ల నాకు దక్కదని. పిల్ల నెత్తి మీద చెయ్యి వెట్టించి చెప్పించుకుండు."

తడిబట్టల ప్రమాణం అంటే ఏమిటో ఆ జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పొలం గట్టు తగాదాలు, దొంగతనాలు, పంచాయతీలో తెగనివన్నీ అక్కడ తెగుతాయి. తడిబట్టలతో చెప్పిన మాట తప్పితే తప్పిన మనిషి ఒక్కడే చెడడు. ఎవరి పేరు మీద చెప్పారో వాళ్ళు పోతారు. ఇందులో నిజమెంత అని దేవవ్వను అడిగి లాభం లేదు. నిజం కాదని తేల్చుకోవాలంటే బిడ్డను పణం పెట్టాలి. ఏ తల్లి పెడుతుంది?

నిర్మలాదేవికి ఆ రోజు గుర్తుకొచ్చింది. ఆయన వేములవాడ నుంచి జీపులో తిరిగొచ్చి, ఆకులో కట్టిన ప్రసాదం ఆమె చేతిలో పెట్టి, దేవవ్వకు చాందా సంబంధం కుదిరింది, అటునుంచి అటే పంపినానని చెప్పాడు. ఆమె ప్రసాదం కండ్లకద్దుకుని తిన్నది.

*

అడగడానికి ఆమెకు మరునాటి దాకా ధైర్యం చాలలేదు. ఆయన భోజనం చేసి, స్తంభానికి వీపు ఆనించి, ఎవరో పారేసిన పాత పేపరు చదువుకుంటున్నాడు. పక్క చాప వాళ్ళు గుడి చుట్టూ కోడెను తిప్పి కట్టే మొక్కుకు పోయారు. నిర్మలాదేవి గిన్నెలు తోముకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. దేవవ్వ కనపడింది అని చెప్పింది.

పేపరు కిందికి దిగలేదు.

పిల్ల కూడా ఉన్నది అని చెప్పింది. రేపు రాజన్నకు ఇచ్చేస్తున్నారని, తండ్రి పేరు లేక సంబంధం ఆగిపోయిందని, సంబంధమామె ఇక్కడే ఉన్నదని, ఒక్క మాట చెబితే చాలునని, చెప్పాల్సిందంతా చెప్పేసింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె ఆయన ముందు ఒక్కసారి ఇన్ని మాటలు మాట్లాడింది లేదు.

జగన్మోహన్‌రావు పేపరు మడిచి పక్కన పెట్టాడు. అబద్ధమని అంటాడేమోనని ఆమె ఎదురు చూసింది. అంటే బాగుండునని కూడా లోపలెక్కడో ఉంది. ఆయన అనలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు. అదే ఆమెను నిలువునా కోసింది. ఎప్పుడో తీరిపోయిన లావాదేవీని ఎవరో మళ్ళీ తవ్వితే విసుక్కున్నట్టు ముఖం పెట్టి, తను చేసిన దాంట్లో తప్పేముందో చెప్పమన్నాడు. వేరేవాళ్ళయితే ఇంకేం చేసేవాళ్ళో ఆమెకు తెలుసా? బావులడుగున ఎన్ని ఉన్నయో లెక్కుందా? తను అట్లా చెయ్యలేదు. దేవుని దగ్గరికి తీసుకొచ్చి, మర్యాదగా ఒట్టు వేయించుకుని, చేతిలో ఇంత పెట్టి పంపించాడు.

నిర్మలాదేవి ఆయన ముఖం వైపే చూస్తూ ఉండిపోయింది. ఈ మనిషికే రోజూ పొద్దున్నే చాయ్ ఇచ్చింది, జరమొస్తే తడిగుడ్డ వేసింది. ఆయన తను మంచి పని చేశాననుకుంటున్నాడు. నిజంగానే అనుకుంటున్నాడు.

"ఒట్టేయించినోళ్ళే తియ్యాలంటరు," అన్నది. "జర గుండం దాక రాండ్రి. ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన్నని ఆమెతోని ఒక్క మాట చెప్పుండ్రి. మీరు పేరు చెప్పకున్నా మంచిదే, ఆమెనే చెప్పుకుంటది."

ఆయన తల అడ్డంగా ఊపాడు. కొడుక్కి హనుమకొండ నుంచి సంబంధం వస్తున్నది. ఆ వియ్యంకుల చుట్టాలు సగం మంది ఈ పక్కలవాళ్ళే. భూమి పోయింది, గడి పోయింది, మిగిలింది ఇంటిపేరు ఒక్కటే. దాన్ని తీసుకుపోయి బీడీలు చుట్టేవాళ్ళ చాటలో పెట్టమంటావా అని అడిగాడు. అడిగి, మళ్ళీ పేపరు అందుకున్నాడు.

"పిల్ల మీదే గద," అన్నది నిర్మలాదేవి.

"ఆడబాప కడుపుల పుట్టింది ఆడబాపదే. మా నాయిన గట్లనే చెప్పిండు, ఆయన నాయిన గట్లనే చెప్పిండు." పేపరు వెనక నుంచే అన్నాడు. కొంచెం ఆగి, ఇంకా మెల్లగా అన్నాడు. "నీ నోట్లకెల్లి గా మాట ఎల్లితె, నాతోని బస్సెక్కకు."

నిర్మలాదేవి లేచింది. ఎక్కడికి పోవాలో తెలియక, తోమిన గిన్నెలనే మళ్ళీ పంపు దగ్గరికి తీసుకుపోయి తోమింది. బస్సెక్కకు అంటే అర్థమేమిటో తెలియనంత అమాయకురాలు కాదు. పుట్టింటి వాళ్ళు తలోదిక్కు అయ్యారు. కొడుకు ఇంకా తండ్రి మాట దాటడు. ఈ వయసులో ఒక్కతి ఎక్కడికి పోతుంది? నాకెందుకొచ్చిన తంటా అనుకుంది. ఎవరి రాత వాళ్ళది అనుకుంది. పంపు దగ్గర నిలబడి ఈ మాటలు ఎన్నిసార్లు అనుకున్నా ఒక్కటీ లోపల నిలవలేదు. వెనక ఉన్న ఆడమనిషి గిన్నెలు అరుగుతాయి తల్లీ, జరగమని కసిరింది.

సాయంత్రం మళ్ళీ దేవవ్వ పట్టా దగ్గరికి పోయింది. దేవవ్వ లేదు, పసుపు కొమ్ములకు బజారుకు పోయింది. రాజవ్వ ఒక్కతే కట్టలు కడుతున్నది. నిర్మలాదేవి పక్కన కూర్చుని, హనుమంతు మంచి పిల్లవాడేనా అని అడిగింది. ఏమడగాలో తోచక అడిగిన మాట అది. మంచోడే అన్నది రాజవ్వ. అతను పొద్దుపొద్దున్నే మగ్గం దగ్గర సినిమా పాటలు పాడతాడట, గొంతు మాత్రం కాకి గొంతు అట. చెబుతూ చెబుతూ నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

రేపు తలంబ్రాలు పోసుకోవడం ఇష్టమేనా అని కూడా నిర్మలాదేవి అడిగింది.

"మా అవ్వ ముసల్దవుతుంది. నేనేమన్న అంటె నిద్రవోదు," అన్నది రాజవ్వ. దారం పంటితో తెంపింది. "నా తండ్రెవలో మీకు ఎరుకే గద. మీ మొకం జూసిననాడే సమజైంది. నాకు గా మనిషి వద్దు దొరసానీ, ఆయన మొకం గూడ జూడ. పేరు గావాలె, అంతే. ఐలవ్వకు చెప్పుకునేతందుకు."

*

నవమి పొద్దున గుండం దగ్గర అడుగు తీసి అడుగు వెయ్యడానికి లేదు. లోపల కల్యాణానికి మేళం మొదలయింది. శివపార్వతులు గంటలు మోగించుకుంటూ, త్రిశూలాలు పైకెత్తి, మెట్ల మీద బారులు తీరారు. కొత్తగా పెళ్ళాడబోయే వాళ్ళకు పసుపు నీళ్ళు పోస్తున్నారు. దేవవ్వ రాజవ్వను మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబెట్టి మెడకు, చేతులకు పసుపు రాస్తున్నది. పై మెట్టు మీద పళ్ళెంలో తలంబ్రాల బియ్యం, కొత్త త్రిశూలం. రాజవ్వ ఎటూ చూడటం లేదు. ఐలవ్వ కొంచెం ఎగువన చెంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. కోడలు కావలసిన పిల్లను దేవుడికి ఇస్తుంటే చూడనూలేదు, చూడకుండా పోనూలేదు.

జగన్మోహన్‌రావు దర్శనం వరుసలో నిలబడి ఉన్నాడు. అక్కడి నుంచి గుండం కనపడుతుంది. నిర్మలాదేవి ఆయన వెనకే నిలబడింది. వరుస కదిలింది. ఆయన ముందుకు జరిగాడు. ఆమె జరగలేదు. వెనకవాళ్ళు తోసుకుంటూ ముందుకు పోయారు.

ఆమె మెట్లు దిగింది. కట్టుకున్న చీరతోనే, చేతిలోని కొబ్బరికాయ ఎవరి చేతిలోనో పెట్టేసి, నడుము లోతు దాకా దిగిపోయింది. ఈసారి కాలు జారలేదు. ముక్కు మూసుకుని మునిగింది. లేచింది. మళ్ళీ మునిగింది. చెవుల నిండా నీళ్ళు పోయి మేళం చప్పుడు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు వినిపించింది. జుట్టు ముఖం మీద నుంచి తోసుకుని ఐలవ్వను పేరు పెట్టి పిలిచింది.

ఐలవ్వకు ఏం అర్థమయిందో గాని గబగబా దిగొచ్చింది. దేవవ్వకు మాత్రం అర్థమయింది. పసుపు చేతులతోనే వచ్చి నిర్మలాదేవి నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది. వద్దు దొరసానీ, పిల్ల, పిల్ల అంటున్నది. నిర్మలాదేవి ఆ చెయ్యి పట్టుకుని పక్కకు తీసింది.

"ఒట్టు నీది, నాది గాదు," అన్నది. ఐలవ్వ వైపు తిరిగింది. "తడిబట్టల మీద చెప్తున్న, ఇను. ఈ పిల్ల జగన్మోహన్‌రావు బిడ్డ. నా పెనిమిటి."

పక్క మెట్ల మీది వాళ్ళు ఇటు తిరిగారు. దేవవ్వ ఒక్క అంగలో రాజవ్వ దగ్గరికి పోయి పిల్ల గుండెల మీద అరచెయ్యి ఆనించి చూసింది. చూస్తూనే నిలబడింది. గుండె కొట్టుకుంటున్నది. పసుపు చెయ్యి అచ్చు రైక మీద పడింది.

ఐలవ్వ ఊరికే నమ్మే రకం కాదు. దొరసానిని పైనుంచి కిందికి ఒకసారి చూసింది. "కోపపడకు తల్లీ," అన్నది. "దొరలింట్ల జీతగాండ్లుంటరు, వచ్చెటోళ్ళు పోయెటోళ్ళు ఉంటరు. గీయనే అని నీకెట్ల ఎరుక? నువ్వు జూసినవా?"

నిర్మలాదేవి ఆ ప్రశ్నకు సిద్ధంగా లేదు. నిన్న ఆయన ఒప్పుకున్నాడని చెబితే సరిపోయేది. అదే చెబుదామని నోరు తెరిచింది. కానీ ఒంటి మీద తడిబట్టలున్నాయి. చీర నుంచి నీళ్ళు కారుతున్నాయి. నిన్న తెలిసిందని ఈ నీళ్ళలో నిలబడి చెప్పడానికి నాలుక తిరగలేదు.

"నా మనోరమ, ఈ పిల్ల ఒక్క నెలల పుట్టిన్రు," అన్నది. "మా అత్త ఇద్దర్ని ఒక్క చాటల పండవెట్టింది. ఒక్క బట్టల చుడితె ఏది దొరసాని పిల్లనో ఏది ఆడబాప పిల్లనో గుర్తువట్టరాదు, మా వాడు అచ్చు గుద్దిండు అని నవ్వింది. మంత్రసాని నవ్వింది. గడిల అందరు నవ్విన్రు."

ఆగింది. ఐలవ్వ ఇంకా చూస్తూనే ఉంది.

"నేను గూడ నవ్విన," అన్నది నిర్మలాదేవి.

దేవవ్వ తల వంచుకుంది. ఆమె ఆ రోజు అక్కడే ఉంది, మూలన, బాలింత చాప మీద. రాజవ్వ మాత్రం నిర్మలాదేవి ముఖం వైపు సూటిగా చూసింది. ఇప్పటి దాకా ఉన్న కొద్దిపాటి మెత్తదనం కూడా ఆ చూపులో నుంచి పోయింది. నిర్మలాదేవి ఆ చూపు ముందు కండ్లు దించుకోవాలనుకుంది, దించుకోలేకపోయింది.

దర్శనం వరుసలో ఒక తువ్వాల తల బయటికి వచ్చింది. సత్రం వైపు పోయి, స్టవ్వూ చాపా మూటా తీసుకుని, ఎవరినీ పలకరించకుండా బస్టాండు దారి పట్టింది. మూటలో నిర్మలాదేవి పొడి చీర కూడా ఉంది. ఆమె చూసింది. పిలవలేదు.

ఐలవ్వ తేరుకుని పెద్దగా ఊపిరి విడిచింది. అయితే వావి కుదురుతుంది, మాకూ దొరలకూ ఏ తరంలోనూ వరుస లేదు అన్నది. ఆ మాటతో ఆమెకు ఎక్కడలేని హుషారు వచ్చింది. పై మెట్టు మీది కొత్త త్రిశూలాన్ని తీసి దేవవ్వ చాప దగ్గర ఆనించి వచ్చింది. పళ్ళెంలో బియ్యాన్ని చెంగులోకి వంపుకుంది, దేవుని పేరు మీద కొలిచినవి పారెయ్యొద్దు, పెండ్లికి పనికొస్తయి అన్నది. మంచి రోజు చూడాలన్నది, హనుమంతుకు కబురు పెట్టాలన్నది. అంతలో ఆమెకు ఇంకో చిక్కు తట్టింది. పెళ్ళిలో పిల్లవాడి కాళ్ళు కడిగి కన్యాదానం చెయ్యాలి కదా, పిల్ల తరఫున పీటల మీద ఎవరు కూర్చుంటారని అడిగింది. అడుగుతూ నిర్మలాదేవి వైపు చూసింది. తండ్రి పేరు చెప్పినామె, పెద్ద ముత్తయిదువ, ఆమె తప్ప ఇంకెవరున్నారన్నట్టు చూసింది.

నిర్మలాదేవికి ఆ ఒక్క పని తన చేతికి వస్తే చాలుననిపించింది. బస్సు పోతే పోయింది. నేను కడుగుతాను అని చెప్పడానికి ముందుకు ఒక అడుగు వేసింది.

"మా అవ్వ కడుగుతది," అన్నది రాజవ్వ.

తల్లి రెక్క పట్టుకుని, జనంలో దారి చేసుకుంటూ, మెట్లు ఎక్కించి తీసుకుపోయింది. లోపల తలంబ్రాలు పడుతున్నట్టున్నాయి, గంటలన్నీ ఒక్కసారి మోగాయి. ఒక ముసలామె జరుగు తల్లీ మునగాలె అంటే, నిర్మలాదేవి పక్కకు జరిగి దారి ఇచ్చి, మెట్టు మీద నిలబడి తన చీర కొంగు తనే పిండుకోవడం మొదలుపెట్టింది.